ఎక్కడికని అడగని ఇల్లు

మేడ మీదికి తీసుకెళ్ళిన కాఫీ గ్లాసును రమ్యశ్రీ అలాగే కిందికి తెచ్చింది. కాఫీ మీద మీగడ కట్టి ఉంది.

"ఇంకా లేవలేదా ఆవిడ?" పొయ్యి ముందు కూర్చున్న తులసమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"గదిలో లేదత్తయ్యా." కోడలు గ్లాసును గట్టు మీద పెట్టి, పెట్టిన చోటే చూస్తూ నిలబడింది. "దుప్పటి నిన్న నేను మడత పెట్టినట్టే ఉంది."

తులసమ్మ చేతిలో గరిటె ఆగింది. సరిగ్గా అప్పుడే, ఇంతసేపూ వింటూ కూడా విననట్టున్న చప్పుడు ఆమె చెవిలో పెద్దదైంది. పెరటి గోడ అవతల పిల్లకాలువలో నీళ్ళు పారుతున్నాయి.

ముగ్గు వేసేటప్పుడే ఆ చప్పుడు విన్నది. విని, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చింది. సోమవారం దాకా తమ కాలువకు ఆఫ్. అంటే గేటు దించి తాళం వేసిన రోజులు. ఈ వారం వంతు పక్క కాలువ కింది ఊళ్ళది. అయినా ఇక్కడ నీళ్ళు పారుతున్నాయంటే అవి ఎలా వచ్చాయో, గోదావరి దాటి వలస వచ్చిన రైతుల ఈ క్యాంపులో పసిపిల్లాడు కూడా చెప్పగలడు. ఎవరూ చెప్పరు, అంతే. వరి పొట్ట మీద ఉంది. ఒక్క తడి అందితే గింజ, అందకపోతే గడ్డి.

పంపు దగ్గర ఆమె భర్త బాపయ్య మోకాళ్ళ దాకా అంటిన ఒండ్రు కడుక్కుంటున్నాడు. చాలా రోజుల తరవాత ఆయన నోట కూనిరాగం వినపడుతోంది. గోడకు ఆనించిన గడ్డపార మొనకు ఇంకా తడి ఆరలేదు.

తులసమ్మ గరిటె వదిలేసి మేడ మీదికి వెళ్ళింది. వెళ్ళి చూడడానికి అక్కడేమీ లేదని తెలిసే వెళ్ళింది.

గది నిండా బొమ్మలు. గోడకు ఆనించినవి, తాడు మీద బట్టల్లా ఆరేసినవి. మారికె హాలెండు దేశపు మనిషి. యాభై దాటింది. ఏళ్ళ తరబడి బెంగళూరులో ఉంటూ బడిపిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. రెండో పంట దాళవా నాట్లప్పుడు సైకిలు మీద ఇటు వచ్చి, నాట్లు చూస్తూ గట్టు మీద ఆగి, ఆ సాయంత్రమే గది అద్దెకు అడిగింది. వారం అనుకున్నది పంట పొట్టకొచ్చే దాకా ఉండిపోయింది. క్యాంపు నోట్లో పడి మారికమ్మ అయింది.

ముదగల్లు కోట చూసొచ్చింది. మస్కి గుట్టల మీద ఎండలో కూర్చుని రాళ్ళు గీసుకొచ్చింది. ఎవరో ఆ రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చుతూ, మిగతా పని రేపు చూద్దామని వెళ్ళి మళ్ళీ రాలేదన్నట్టున్నాయని చెప్పి నవ్వింది. నాట్లేసే ఆడవాళ్ళను గీసినప్పుడు ఒక్కరికీ మొహం పెట్టలేదు. అన్నీ వీపులే. మొహాలేవమ్మా అని తులసమ్మ అడిగితే, మొహాలు నన్ను చూడగానే నవ్వుతాయి, వీపులు నేనున్న సంగతి మరిచిపోయి నిజం చెబుతాయి అంది.

ఎండలు ముదిరాక ఆవిడ గదిలో పడుకోవడం తక్కువ. ఒకరోజు మేడ మీద, ఒకరోజు కళ్ళంలో, ఒకరోజు చేను గట్టున. తమ దేశంలో ఎండ కోసం బయటికి పోతారట, ఇక్కడ ఎండ పోయాక బయటికి రావాలట. అక్కడ ఆకాశం మూత పెట్టిన గిన్నెలా దగ్గరగా ఉంటుందని, ఇక్కడ చుక్కల కింద పడుకుంటే కింద పడిపోతానేమోనని చాప అంచు పట్టుకుంటానని చెప్పేది. ఆ మాటకు రమ్యశ్రీ కడుపుబ్బ నవ్వేది.

నీళ్ళకు మాత్రం ఆవిడ భయపడేది కాదు. వాళ్ళ ఊళ్ళోనూ ఇంటి ముందు కాలువేనట. కానీ ఆ నీళ్ళు ఎక్కడికీ పోవు. పొద్దున ఏ మెట్టును ఆనుకుని ఉన్నాయో సాయంత్రం ఆ మెట్టు దగ్గరే ఉంటాయి. చలికి గడ్డ కడితే పిల్లలు వాటి మీద జారుతూ బడికి పోతారు. నీళ్ళంటే ఆవిడకు చిన్నప్పటి నుంచీ గుమ్మంలో కట్టేసిన సాధు ఆవు.

తులసమ్మ కిటికీ పట్టుకుని నిలబడింది. చాప లేదు. దోమతెర సంచి లేదు. మేకుకు తగిలించే బట్ట టోపీ లేదు. ఫోను మాత్రం తీగకు తగిలించి ఉంది.

నిన్న సాయంత్రం ఆవిడ చాప చంకన పెట్టుకుని దిగి వచ్చినప్పుడు తులసమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఎక్కడికి అని అడగలేదు. ఆ ఇంట్లో గడప దాటే మనిషిని ఎవరూ ఎక్కడికని అడగరు. అడిగితే తలపెట్టిన పని చెడుతుంది. తులసమ్మ అత్తగారు గోదావరి దాటి ఈ ఎర్రమట్టికి వచ్చినప్పుడు బండి సామానుతో పాటు తెచ్చుకున్న పట్టింపు అది. మరీ అడగాలనిపిస్తే దూరమా అనొచ్చు. అంతకు మించి నోరు మెదపకూడదు.

ఈ పట్టింపు మారికమ్మకు ఎంతో నచ్చింది. తన తల్లి బతికున్నన్నాళ్ళూ ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అని వేధించేదట. ఇన్ని దేశాలు తిరిగితే చివరికి ఎక్కడికని అడగని ఇల్లు ఒకటి దొరికిందని తులసమ్మ చేతులు పట్టుకుని చెప్పింది.

"దూరమా అమ్మా?" అని నిన్న తులసమ్మ అడిగింది.

దూరం కాదు, చల్లగా ఉండే చోటు అని ఆవిడ తన ముక్కల తెలుగులో చెప్పింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, కాలువకు నీళ్ళు ఎప్పుడు అని అడిగింది.

"సోమారం దాకా రావులే." ఆ మాట అన్నది తులసమ్మే. బియ్యంలోంచి తలయినా ఎత్తకుండా అన్నది.

తరవాత ఎప్పుడో, ఇంకా వెలుగు రాకముందు, బాపయ్య, కొడుకు లోకనాథ్ గడ్డపార పట్టుకుని చప్పుడు కాకుండా బయలుదేరారు. తులసమ్మకు మెలకువ వచ్చింది. వాళ్ళనూ ఎక్కడికని అడగలేదు. అటు తిరిగి పడుకుంది.

ఆమె కిటికీ వదిలి మెట్ల వైపు నడిచింది.

*

ఆమె కిందికి వచ్చేసరికి బాపయ్య కండువాతో కాళ్ళు తుడుచుకుంటున్నాడు. లోకనాథ్ అరుగు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు.

"ఏవండీ, మారికమ్మ రాత్రి ఇంట్లో లేదు."

"ఎక్కడో పడుకునుంటది. ఆవిడకది అలవాటేగా."

"కాలువలో పడుకోలేదు కదా?"

కండువా ఆగింది. "మతుండే మాట్లాడుతున్నావా? కాలువలో ఎవరన్నా పడుకుంటారటే?"

"చల్లటి చోటంది. నీళ్ళు రావని నేనే చెప్పాను."

పెరటి గోడ అవతల నీళ్ళు పారుతూనే ఉన్నాయి. లోకనాథ్ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టాడు.

"మస్కి పోయుంటది," అన్నాడు బాపయ్య. "ఆ రాళ్ళ పిచ్చి ఉందిగా. మజ్జానానికి వచ్చేస్తది."

సైకిలు పశువుల కొట్టం పక్కనే ఉంది. తులసమ్మ దాని వైపు చెయ్యి చూపించింది.

"మేం గట్టెమ్మటే కదమ్మా వచ్చింది," అన్నాడు లోకనాథ్. "ఎవరూ కనపళ్ళా."

"బ్యాటరీ లైటు వేశారా?"

కొడుకు తల దించుకున్నాడు. తండ్రే చెప్పాల్సి వచ్చింది. "లైటేస్తే అవతలూరోళ్ళు చూడరా?"

తులసమ్మ అరుగు అంచున కూర్చుని, యమనూరప్పకు చెప్పి గేటు దింపించమంది. యమనూరప్ప గేటుకు కాపలా ఉండే లస్కరు. ఈ ప్రాంతం మనిషే. గట్టు మీదే పాక.

బాపయ్య గొంతు తగ్గించాడు. కోపం వస్తే అరిచే మనిషి గొంతు తగ్గిస్తే ఇంకా భయం వేస్తుంది. ఏమని చెప్పాలో నువ్వే చెప్పమన్నాడు. తాళం బద్దలు కొట్టింది మేమే, ఇప్పుడు దించమని అడిగేదీ మేమే అనాలా అన్నాడు. ఇంజినీరు దాకా పోతుందని, పోలీసులు వస్తారని, పక్క కాలువ ఊళ్ళ వాళ్ళు కర్రలతో వస్తారని, కేసులో తన పేరొక్కటే రాయరని అన్నాడు.

"లోకనాథ్ పేరు కూడా ఎక్కుద్ది. అది కావాలా నీకు?"

"మడిసి కావాలి నాకు."

"మడిసికేమీ కాలేదంటున్నానా." ఆ మాట అంటున్నప్పుడే ఆయన పెదవి తడారిపోయింది. "పొద్దు వాలేసరికి చేలన్నీ తడుస్తయ్యి. అప్పుడు గుట్టుగా మేమే దించేస్తాం. అందాకా నోరెత్తమాకు."

లోకనాథ్ లేచి చెయ్యి కడుక్కుని బండి తీశాడు. గట్టెంట చూసొస్తానని గొణిగాడు. రమ్యశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. పొద్దుట గ్లాసు కింద పెట్టినప్పటి నుంచీ ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడూ గలగల మాట్లాడే పిల్ల.

ఆ సంగతి తులసమ్మ గమనించింది. గమనించి, భయంలో పడి వదిలేసింది.

*

లోకనాథ్ ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. కాలువ గట్టు సగం దాకా నిండి పోతోందని, అడుగు కనపడడం లేదని, ఎండిన రోజుల్లో పేరుకున్న కంప, చెత్త అంతా మొదటి నీళ్ళతో కొట్టుకు వస్తోందని చెప్పాడు. మనిషి ఆనవాలు లేదు. చెబుతూ చెబుతూ అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

బాపయ్య అప్పటికే చేలోకి వెళ్ళాడు. తులసమ్మ ఇంట్లో నిలవలేక వెనకాలే నడిచింది. వెనక రమ్యశ్రీ.

పొలం పచ్చగా, బుద్ధిమంతురాలిలా నిలబడి నీళ్ళు తాగుతోంది. ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూసిన దృశ్యం. తులసమ్మకు అటు చూడాలనిపించలేదు. ఒక్కో మడీ నిండుతుంటే తన ఊపిరి కొంచెం కొంచెంగా పోతున్నట్టుంది.

తూము దగ్గర బాపయ్య పారతో మట్టి తీసి నీళ్ళు మళ్ళిస్తున్నాడు. ఉన్నట్టుండి పార ఆగింది. తూము నోట్లో చెత్తతో పాటు తెల్లటిదేదో ఇరుక్కుంది. ఆయన దాన్ని పారతో పైకి తీశాడు.

బట్ట టోపీ. అంచు మీద నీలం రంగు మరక. ఆవిడ కుంచె తుడుచుకునే చోటు.

బాపయ్య అటూ ఇటూ చూశాడు. గట్టు వైపు మాత్రం చూడలేదు. టోపీని మడి బురదలో పడేసి, మడమతో అదిమాడు. మళ్ళీ అదిమాడు. పైన పారతో ఒక పెళ్ళ మట్టి వేశాడు.

తులసమ్మ గట్టు మీద నిలబడి అంతా చూసింది. తనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి వీపు అది. మొహం కనపడడం లేదు. వీపే కనపడుతోంది.

వెనక నుంచి రమ్యశ్రీ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి మంచులా ఉంది.

"అత్తయ్యా, ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు."

తులసమ్మ తిరిగి చూసింది.

"రోడ్డు కింద వంతెన ఉందే, కాలువ లోపలికి పోయే చోటు. లోపల గోడకు అరుగుంది. మొన్న నన్ను అక్కడ కూచోబెట్టి బొమ్మేసింది. కేకేస్తే మన గొంతు మనకే తిరిగొస్తది. ఇంత చల్లటి చోటు క్యాంపులో లేదు, ఒకరోజు ఇక్కడే పడుకుంటానంది."

"పొద్దుటి నుంచీ ఎందుకు చెప్పలేదే?"

రమ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ రాలలేదు. "చెబితే మీ అబ్బాయి పేరొస్తదని. ఆవిడ వేరే చోటికి పోయుంటదిలే, ఇప్పుడో ఇంకాసేపటికో వస్తదిలే అనుకున్నా."

తిడదామని తులసమ్మ నోరు తెరిచింది. తాను మాత్రం చేసిందేమిటి? ఆవిడ ఇంట్లో లేదని తనకు తెలుసు. ఆవిడ మనసు పడ్డ చోటు కోడలికి తెలుసు. గేటు సంగతి మగవాళ్ళకు తెలుసు. ఒక్క కప్పు కింద ఇంతమందిమి ఉండి, ఎవరికి తెలిసింది వాళ్ళు కొంగున ముడేసుకుని పడుకున్నాం. ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే.

ఆ వంతెన తులసమ్మకు తెలిసిందే. నీళ్ళు లోపలికి పోయే వైపు బార్లా తెరిచి ఉంటుంది. బయటికి వచ్చే వైపు ఇనప కమ్మీలు పాతారు. ఒకసారి గేదె కొట్టుకుపోయి వంతెన కింద ఇరుక్కుంటే అప్పుడు వేసినవి. వరద తోస్తుంటే మనిషి ఎదురు నడిచి ఇటు రాలేదు. అటు పోతే కమ్మీలు. టోపీ పడుతుంది ఆ సందుల్లోంచి. మనిషి పట్టదు.

*

అత్తాకోడళ్ళు ఇంటికి వచ్చేసరికి బాపయ్య వాళ్ళ కంటే ముందే పెరటి దారిన చేరాడు. గోడకు ఆనించిన గడ్డపారను గోనె పట్టాలో చుట్టి భుజాన పెట్టుకున్నాడు. గడప దాకా వచ్చాడు.

"ఎక్కడికి?"

ఆ మాట తులసమ్మ నోట్లోంచి వచ్చింది. కోడలు ఉలిక్కిపడింది. అరుగు మీద లోకనాథ్ లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బాపయ్య ఒక కాలు గడప అవతల, ఒక కాలు ఇవతల ఉండిపోయాడు. చెంపదెబ్బ తిన్న పిల్లాడిలా ఉంది మొహం.

"అడుగుతున్నా చెప్పండి. ఎక్కడికి?"

"పాత బావి కాడికి," అన్నాడు. "ఇది ఇంట్లో ఉంటే..."

"టోపీని పాతేశారు. దీన్ని బావిలో వేస్తారు. నా నోరేం చేస్తారు?"

ఆయన కళ్ళలో ఉన్నది దుర్మార్గం కాదని తులసమ్మకు తెలుసు. భయం. తన కడుపులో ఉన్న భయమే ఆయన కళ్ళలోనూ ఉంది. అందుకే ఇంకా జాలి వేసింది, ఇంకా అసహ్యం వేసింది.

ఆమె ముందుకు వెళ్ళి గోనె పట్టా మీద చెయ్యి వేసింది. "వంతెన కింద కమ్మీలు పెరకాలంటే గడ్డపారే కావాలి. ఇటివ్వండి."

"తులసీ, ఆగు. ఒక్కసారి ఆలోచించు."

"ఆలోచిస్తూనే ఇంత పొద్దుపోయింది."

బాపయ్య చేతులు వదులయ్యాయి. గడ్డపార బరువుకు తులసమ్మ భుజం ఒరిగింది. ఎవరూ పిలవకుండానే లోకనాథ్ బండి స్టార్ట్ చేసి గుమ్మం ముందుకు తెచ్చాడు. తండ్రి వైపు చూడలేదు.

"ఎక్కమ్మా," అన్నాడు.

రమ్యశ్రీని వంతెన దగ్గరికి పరుగెత్తమని చెప్పి తులసమ్మ బండెక్కింది.

*

యమనూరప్ప గేటు దగ్గర తిన్నె మీద గొంతుక్కూచుని ఉన్నాడు. పగిలిన తాళం ముక్కలు ఆయన ముందు పేర్చి ఉన్నాయి. ఫోను చేతిలో ఉంది, ఎవరికీ చేయలేదు. గడ్డపారతో దిగిన తులసమ్మను చూసి లేచాడు.

"ఏందమ్మ గిట్ల వచ్చినవ్? కొట్టనీకి వచ్చినవా?"

"మా వాళ్ళే ఎత్తారు యమనూరప్పా. దించు. వంతెన కింద మారికమ్మ ఉంది."

ఆవిడ యమనూరప్ప బొమ్మ కూడా వేసింది. పాకలో వేలాడదీసుకున్నాడు. గేటు చక్రం పట్టుకున్న చేతులు, పెద్ద తలపాగా, వీపు.

"ఆ తెల్ల అమ్మనా?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. చక్రం మీద పడ్డాడు. లోకనాథ్ కూడా పట్టుకున్నాడు. తుప్పు పట్టిన పళ్ళు కీచుమంటూ గేటు దిగుతుంటే, తాను పొద్దున్నే చూశానని, చూసి కూడా ఫోను చేయడానికి చెయ్యి రాలేదని, తాళం పగిలితే ముందు తన నౌకరి పోతదని రొప్పుతూ చెప్పాడు. అందరి నోళ్ళనూ మూసింది ఒకే భయమని తులసమ్మకు అప్పుడు అర్థమైంది.

గేటు అడుగు తాకింది. అయినా కాలువలో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"దిగట్లేదేం?" అంది తులసమ్మ.

"గేటు దించంగనే దిగవమ్మ. ఈడికెల్లి చేన్ల దాక నిండిన నీళ్ళన్ని పోవాలె. అందాక ఏం చేయలేం." యమనూరప్ప ఫోను చూసుకున్నాడు. అది మోగుతోంది. ఆయన ఎత్తలేదు. "పక్క కాలువ జంబన్న. వాళ్ళకు నీళ్ళు తగ్గినై కద. బండ్ల మీద బయలెళ్ళినట్టున్నరు."

జంబన్న ఎవరో తులసమ్మకు తెలుసు. వంతు నీళ్ళ దగ్గర తమ్ముడినైనా వదలని మనిషి. లోకనాథ్ మొహం పాలిపోయింది. కానీ బండిని ఇంటి వైపు తిప్పలేదు. వంతెన వైపు తిప్పాడు.

*

వంతెన కమ్మీల మీద చెత్త గోడలా పేరుకుంది. జాలి ముళ్ళ కంప, ప్లాస్టిక్ సంచులు, ఎండిన గుర్రపు డెక్క. దాని సందుల్లోంచి నీళ్ళు బుసకొడుతూ ఇవతలికి దూకుతున్నాయి. రమ్యశ్రీ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి కేకలు వేస్తోంది. ఆ పిల్ల గొంతే ఆ పిల్లకు తిరిగి వస్తోంది. వేరే గొంతు రావడం లేదు.

తులసమ్మ చీర ఎగ్గట్టి, మెట్టు మెట్టుకూ కాలు తడుముకుంటూ దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు. చేతులతో కంప లాగింది. ముళ్ళు దిగాయి. మళ్ళీ లాగింది. లోకనాథ్ పక్కకు దిగి కమ్మీ మొదట్లో గడ్డపార గుచ్చాడు. కమ్మీ కదల్లేదు.

పైన బండ్ల చప్పుడు. ఒకటి కాదు, చాలా. తులసమ్మ తలెత్తలేదు. మనుషులు దిగిన చప్పుడు, కర్రలు నేలకు ఆనిన చప్పుడు.

"గేటు ఎవ్వరు ఎత్తిండ్రు?" జంబన్న గొంతు.

రమ్యశ్రీ కేకలు ఆగిపోయాయి. కొడుకు గడ్డపార ఆపి తలెత్తడం తులసమ్మకు కనపడింది. వాడు నోరు తెరవబోతున్నాడు.

"నేనే."

బాపయ్య. ఎప్పుడు వచ్చాడో, నడిచి వచ్చాడో పరుగెత్తి వచ్చాడో, చొక్కా లేదు. ఒంటి నిండా చెమట. మనుషుల మధ్య నుంచి వచ్చి, కర్రల వైపు చూడకుండా నీళ్ళలోకి దిగాడు. ఆయన చేతిలో బురద ముద్దలాంటిదేదో ఉంది. దాన్ని నీళ్ళలో ఒకసారి జాడించి భార్య చేతికి ఇచ్చాడు. టోపీ.

"నేనే ఎత్తాను జంబన్నా. తరవాత ఏం చేస్తావో చెయ్యి. లోపల మడిసుంది. ముందు ఒక చెయ్యెయ్యండి."

జంబన్న వెంటనే కదల్లేదు. కర్ర పట్టుకున్న చెయ్యీ దించలేదు. కానీ అతని వెనక నుంచి ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు అయింది. ఒకరు దిగారు. తరవాత ఇంకొకరు.

కంప తొలగుతున్న కొద్దీ కమ్మీల వెనక చీకటి కనపడసాగింది. నీళ్ళు గోడ మీద తడి గీత వదిలి కొంచెం కిందికి జారాయి. చాలా కొంచెం. లోపలి అరుగు మీద మనిషి కూర్చుంటే ఇప్పటికీ గడ్డానికి అందేంత ఉన్నాయి. పడుకున్న మనిషికైతే...

తులసమ్మ ఆ లెక్క అక్కడితో ఆపేసింది.

అప్పుడు ఆమె వేళ్ళకు నీలం తాడు తగిలింది. మారికమ్మ దోమతెర తాడు. ఎక్కడ పడుకున్నా ఆవిడ కట్టుకునే ముడి, కమ్మీకి బిగించి అలాగే ఉంది. తాడు కమ్మీ మీది నుంచి చీకట్లోకి పోయింది.

తులసమ్మ దాన్ని పట్టుకుంది. బిగువుగా ఉంది. వీణ తీగలా ఉంది.

చెత్త, నురుగు, విరిగిన కొమ్మలు అన్నీ ఆమె ఒంటికి కొట్టుకుంటూ ఇవతలికే పోతున్నాయి. ఈ వరదలో వదిలేసిన తాడు కూడా ఇవతలికే తేలి రావాలి.

"అమ్మా మారికమ్మా." ఆమె నోట అరుపు రాలేదు. పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు పిలిచింది. "ఎక్కడున్నావమ్మా?"

చీకటి ఆమె మాట ఆమెకే తిరిగి ఇచ్చింది.

బాపయ్య ఆమె పిడికిలి మీద తన చెయ్యి వేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నీళ్ళు ఇవతలికి వస్తున్నాయి. తాడు మాత్రం ఆగి ఆగి అవతలికి లాగుతోంది.